ఐస్‌లాండు చెల్లెలికి చీర

మా చోడవరం రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా దస్తావేజు లేఖర్ల కొట్లు వరసగా ఉంటాయి. ప్రతి కొట్లోనూ ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, గోడకి ఒక దేవుడు. పరదేశి కొట్లో మాత్రం దేవుడి పక్కన ఐస్‌లాండు దేశపటం కూడా ఉండేది, లామినేషన్ చేయించి మరీ. అరెకరం తాకట్టు పెట్టుకోడానికి వచ్చిన రైతులు దాన్ని ఎగాదిగా చూసి, "ఇదెవలి లేఅవుటు బాబూ? ప్లాటు ఎంత సెప్తన్నారు?" అని అడిగేవారు.

పరదేశి అన్న పేరు మీకు వింతగా ఉండొచ్చు, మాకు కాదు. వాళ్ళమ్మకి ముందు పుట్టిన ఇద్దరు మగపిల్లలు దక్కలేదు. మూడోవాడు పుట్టగానే, వీడు మావాడు కాదు, ఎవడో పరదేశి అని మృత్యువుని నమ్మించడానికి ఆ పేరు పెట్టారు. మృత్యువు నమ్మింది. పరదేశి యాభై దాటాడు, గుమ్మటంలా ఉన్నాడు, కాస్త షుగరు తప్ప ఏ లోటూ లేదు. బీకాం చదివాడు. చేతిరాత ముత్యాలు. అమ్మకాలు, తాకట్లు, వీలునామాలు రాసి రాసి, మామూలుగా మాట్లాడుతున్నప్పుడు కూడా "సదరు" అనడం అలవాటైపోయింది. "సదరు సాంబారులో ఉప్పు తక్కువైంది" అని పెళ్ళాంతో అంటాడని వీధిలో చెప్పుకుంటారు.

అలాంటివాడికి ఉత్తర ధ్రువం దగ్గరి దేశం మీద మోజు పుట్టించింది నేనే. నా పేరు శ్రీలలిత. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు గానీ నోరు ఊరుకోదు, పాత వృత్తి.

అవి మూఢం రోజులు. మూఢంలో మావాళ్ళు పెళ్ళి చెయ్యరు, ఇల్లు కొనరు, రిజిస్ట్రేషన్ మాట ఎత్తరు. లేఖర్లందరూ ఈగలు తోలుకుంటూ కూర్చుంటారు. నా ఇంటి మీద ఎవరి తాకట్టూ లేదని ఒక కాగితం కావలసి వచ్చి పరదేశి కొట్టుకి వెళ్ళాను. కాగితం వచ్చేదాకా కూర్చుని, సంచిలోంచి పుస్తకం తీశాను. ఆ మధ్య విశాఖలో పాత పుస్తకాల కొట్లో ఒక కట్ట దొరికింది లెండి. ఏ ఓడవాడో బరువు దించుకుని పోయినట్టున్నాడు, అన్నీ ఐస్‌లాండు నవలలే, ఇంగ్లీషులోకి మార్చినవి.

"ఏటి మేడంగారూ, అంత దీక్షగా సదువుతన్నారు?" అన్నాడు పరదేశి.

చెప్పాను. ఒక సముద్రపు ఒడ్డు పల్లెలో కాఫీ గింజలు అయిపోతాయి. ఓడ రావాలి. చలికాలమంతా రాదు. ఊరంతా ఎదురుచూస్తుంది. అంతే కథ.

"కాఫీ కోసం నవలా!" అని పరదేశి నోరు తెరిచాడు. వాళ్ళింట్లో పొద్దున్న కాఫీ పడకపోతే మనిషి మనిషి కాడు. "ఒక్కపాలి ఇవ్వండి, సూసి ఇచ్చీస్తాను."

మూఢం అయ్యేలోపు చదివేశాడు. ఎలా చదివాడనుకున్నారు? దస్తావేజు సరిచూసినట్టు, వరస కింద స్కేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ. పుస్తకం తిరిగి ఇస్తూ తన అభిప్రాయం చెప్పాడు: "బావుందండీ. ఏడుపొచ్చింది. కానీ రైటరుకి హద్దులు తెలీదు. ఊరికి తూర్పు సముద్రం అన్నాడు, పడమర కొండన్నాడు. మరి దక్షిణం ఎవులిది? ఉత్తరం ఎవులిది? అలగ వదిలీస్తే రేపు తగువు రాదేటి?"

నవ్వాను. నవ్వి రెండోది ఇచ్చాను. తర్వాత మూడోది. ఎవరైనా నా పుస్తకం అడిగితే నాకు ఒళ్ళు పొంగుతుంది, చోడవరంలో అది ఏడాదికోసారి జరిగే ముచ్చట. ఏది ముందు చదవాలో, ఏది తర్వాతో నేను చెప్పడం, అతను తలాడించి పట్టుకుపోవడం. ఆ రకంగా మా ఇద్దరికీ స్నేహం కుదిరింది.

ఇక చూడండి నా సామిరంగా! మనిషి మారిపోయాడు. డిసెంబరులో కొట్లో స్వెట్టరు వేసుకుని కూర్చునేవాడు. ఉక్కపోతకి చెమటలు కారుతుంటే, "అక్కడ ఇప్పుడు మైనస్ పదిహేను" అనేవాడు. చెరుకు బళ్ళవాళ్ళు టీ తాగడానికి ఆగితే వాళ్ళకి చలికాలంలో అక్కడ సూర్యుడు కాసేపే కనిపించి ఎలా పోతాడో చెప్పేవాడు. "మా ఐస్‌లాండు మొత్తం కలిపితే నాలుగు లక్షల మంది లేరు. అయినా ఎంత లిటరేచరు! మన దగ్గర? మనిసికి మనిసి మీద జాలి లేదు, పుస్తకం ఎక్కడిది?" అని నిట్టూర్చేవాడు. వెనకాల ప్రింటరులోంచి ఎవరిదో తాకట్టు దస్తావేజు వస్తూనే ఉండేది.

ఊళ్ళో పేరు పడిపోయింది, ఐసు పరదేశి అని. అతను దాన్ని బిరుదులాగే తీసుకున్నాడు. పొరుగు కొట్టు సత్తిబాబు ఓ రోజు నాతో అన్నాడు: "టీచరుగారూ, ఆడికి ఇంకో దేశం ఏదైనా ఇవ్వండి. ఈ చలికి మేం తట్టుకోలేకపోతన్నాం."

ఇంతలో అసలు సంగతి వచ్చింది.

పరదేశి తండ్రి కిందటేడు పోయాడు. గోవాడ వెళ్ళే రోడ్డు పక్కన రెండెకరాల చెరుకు భూమి మిగిల్చాడు. తల్లి అంతకుముందే పోయింది. ఉన్నది ఇద్దరు పిల్లలు: పరదేశి, అతని చెల్లెలు అప్పలనరసమ్మ. ఆమెని రావికమతం దగ్గర పల్లెలో ఇచ్చారు. మొగుడిది కౌలు వ్యవసాయం, సెంటు సొంత భూమి లేదు. ఇప్పుడా రోడ్డు పక్క భూమికి లేఅవుటు పార్టీ ఒకటి తగిలింది. వాళ్ళు పరదేశితో ఒకటే మాట అన్నారు: ఆడపిల్ల సంతకం ఉంటేనే కొంటాం.

"అదేం పెద్ద పని కాదండీ. నరస పెట్టీస్తాది. సీర కూడా కొనీసేను" అన్నాడు పరదేశి నాతో, టమాటాలు కొన్నట్టు.

దీన్ని మావాళ్ళు రిలీజ్ డీడు అంటారు. ఆడపిల్ల తండ్రి ఆస్తిలో తన వాటా అన్నదమ్ములకి వదిలేసినట్టు రాసిచ్చే కాగితం. పరదేశి కంప్యూటర్లో దానికి ఒక నమూనా తయారుగా ఉంటుంది. పేర్లూ సర్వే నంబర్లూ మారిస్తే చాలు. "నా వివాహ సమయమున పసుపు కుంకుమల క్రింద నాకు ముట్టవలసినది ముట్టినందున, సదరు ఆస్తియందు నాకు ఎట్టి హక్కు లేదని నా మనస్ఫూర్తిగా" అని సాగుతుంది. మనస్ఫూర్తి కూడా నమూనాలోనే ఉంది, ఎవరూ కొత్తగా తెచ్చుకోనక్కర్లేదు. సంతకం అయ్యాక చెల్లెలికి చీర పెట్టి, భోజనం పెట్టి, ఆటో ఎక్కిస్తారు. పెట్టనంటే పుట్టింటి తలుపు మూసుకుంటుంది. ఆ మాట ఎవరూ పైకి అనరు. అందరికీ తెలుసు.

నాకు ఒళ్ళు మండింది. "ఎకరం భూమికి చీరా? సిగ్గులేదా పరదేశిగారూ? చట్టం మీకు తెలీదా? రోజూ దాంతోనే కదా మీ భోజనం!"

"చట్టం ఉందండీ, ఎవులు కాదన్నారు? పద్ధతని కూడా ఒకటుంటాది కదా. అది అడగదు, నేను పెట్టకుండా ఉండను. వెంకటగిరి పట్టండీ, మామూలు సీర కాదు."

చెవిటివాడి ముందు శంఖం ఊది నోరు నొప్పి పుట్టించుకోవడం ఎందుకని ఊరుకున్నాను. ఊరుకుని ఇంటికొచ్చి ఆలోచించాను. నా కట్టలో ఒక నవల ఉంది, అది ఇంకా అతనికి ఇవ్వలేదు. రాగ్న అని ఒక పిల్ల. తండ్రి చనిపోతాడు. ఆమె కొండకి అవతల ఎవరింట్లోనో పనిమనిషి. అన్న ఐనార్ గుర్రమెక్కి వస్తాడు, చర్చి పన్నుకి సంబంధించిన కాగితమని చెప్పి సంతకం పెట్టించుకుంటాడు. మంచు కరిగాక ఆమె ఇంటికి నడిచి వస్తుంది. పొగగొట్టంలోంచి ఎవరిదో పొగ. ఇల్లు, పొలం, అన్నీ అమ్ముడైపోయాయి. గోడ మీద కాసేపు కూర్చుని వెనక్కి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత బతికినంత కాలం పరాయి ఇంట్లో చేపలు కడుగుతుంది.

ఇది చదివితే రాయైనా కరుగుతుంది అనుకున్నాను. చేదు మందు తేనెలో రంగరించి ఇస్తున్నానని నన్ను నేనే మెచ్చుకుంటూ, పరదేశి చేతిలో పెట్టాను. "ఇది జాగ్రత్తగా చదవండి. చదివి ఆలోచించండి."

చదివాడు. నాలుగు రోజులు పోయాక నేను అటు వెళ్తుంటే కొట్టు ముందు జనం. లోపల పరదేశి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. అమ్మకం దస్తావేజు కోసం వచ్చిన ముసలాయన హడిలిపోయి, "ఎవలు పోయేరు బాబూ?" అని అడుగుతున్నాడు.

"రాగమ్మ!"

"ఏ రాగమ్మ? ఏ ఊరు?"

"మా ఐస్‌లాండు గుంట, తాతా! అన్న చేతిలో మోసపోయింది!"

ముసలాయన తన కాగితాలు మెల్లగా చేతిలోకి తీసుకుని పక్క కొట్టుకి వెళ్ళిపోయాడు. పరదేశి భార్య చిన్నతల్లి మధ్యాహ్నం కేరేజీ తెచ్చి, టేబులు పక్కన నిలబడి ఉంది. ఆవిడ మాట్లాడే మనిషి కాదు. నన్ను చూసి తల ఊపింది.

నాకు లోపల సంబరం. మందు పనిచేసింది కదా! "ఏడవండి పరదేశిగారూ, మంచిదే. ఇప్పుడు చెప్పండి, ఆ ఐనార్ చేసింది ఎలాంటి పని?"

పరదేశి ముక్కు చీది, కళ్ళెర్ర చేసి, బల్ల గుద్ది చెప్పాడు: "మనిసేనాండీ ఆడు? కనీసం సీరైనా పెట్టలేదు!"

నేను విన్నది నిజమేనా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

"కట్టుబట్టల్తో ఉన్న సెల్లి సేత సంతకం ఎట్టించుకుని, గుర్రమెక్కి ఎలిపోతాడా? ఒక ముక్క గుడ్డ, ఒక పూట బోజనం, ఏటీ లేదు! ఎంత సలి దేశమైతే మాత్రం అంత అనాగరికమా?"

"పెడితే సరిపోయేదా?"

"పెడితే ఒక పద్ధతిలో ఉండేది కదండీ!"

"మరి మీ నరసమ్మ సంగతి?"

అతను నిజంగానే అయోమయంగా నా వైపు చూశాడు. నటన కాదు, నాకు తెలుసు, ముప్ఫై ఏళ్ళు పిల్లల మొహాలు చదివినదాన్ని. "నరసకేటండీ? అది వేరు, ఇది వేరు. ఇది లిటరేచరు."

గురివింద గింజకి తన నలుపు తెలీదంటారు. గింజకి అద్దం చూపించినా, అందులో పక్కింటి గింజని చూసి జాలిపడుతుందని నాకు ఆ రోజు తెలిసింది. తల బాదుకుని ఇంటికొచ్చేశాను.

మంచి రోజు చూసుకున్నారు, శుక్రవారం, దశమి. సాక్షి సంతకానికి రమ్మని పరదేశి నన్నే పిలిచాడు, చూడండి తెగింపు! "సాక్షి సంతకం చచ్చినా పెట్టను. మొహం మీద నాలుగు తిట్లు తిట్టడానికి మాత్రం వస్తాను" అన్నాను. "రండి రండి, టిఫిను తిందాం" అన్నాడు.

నేను పరదేశి ఇంటికి వెళ్ళేసరికి అప్పలనరసమ్మ అప్పుడే ఆటో దిగింది. ఎండకి కమిలిన మనిషి, సన్నగా, చేతుల నిండా మట్టిగాజులు. అన్న కోసం ఒక గుమ్మడికాయ, ఒక కట్ట తేగలు మోసుకొచ్చింది. వదినని పట్టుకుని పలకరించింది. టీపాయ్ మీద పట్టుచీర కవరు చూసింది, చూడనట్టు పక్కకి తిరిగింది. ఆమెకి తెలుసు ఎందుకొచ్చిందో. ఆ మొహంలో కోపం లేదు, ఆశ అంతకంటే లేదు. పుట్టింట్లో రెండు గంటలు కూర్చోవచ్చన్న సంతోషం ఒకటి ఉంది.

చిన్నతల్లి ఉప్మా పెట్టింది. నేను తిట్లు కూడదీసుకుంటున్నాను. నరసమ్మ టీవీ పక్కన ఉన్న లావు పుస్తకం చూసి, "ఏటన్నా, ఇంత పుస్తకం! నువ్వు సదివీసేవా?" అంది.

అంతే. పరదేశికి ఎవరైనా అడగడమే కావాలి. నా తిట్లు నా నోట్లోనే ఉండిపోయాయి. ప్లేటు పక్కన పెట్టి మొదలెట్టాడు. కొండలు, మంచు, గుర్రం, తండ్రి చావు. చెప్పొద్దూ, బాగా చెప్పాడు! ఐనార్ కాగితం తీసే చోట గొంతు తగ్గించాడు. రాగ్న గోడ మీద కూర్చునే చోట లేచి గుమ్మం పక్క అరుగు మీద కూర్చుని చూపించాడు. నేను క్లాసులో ఏ పాఠమూ అంత బాగా చెప్పలేదు. నరసమ్మ చేతిలో ఉప్మా అలాగే ఆగిపోయింది.

"ఆ గుంట పేరేటన్నావు?"

"రాగ్న బ్యోర్న్స్‌దొత్తిర్. అంటే బ్యోర్న్ గారి కూతురు రాగ్న. ఆ దేశంలో ఇంటిపేర్లుండవే. ఆడదానికి సచ్చేదాక తండ్రి పేరే."

"పెళ్ళయిపోయినా?"

"పెళ్ళయిపోయినా!"

నరసమ్మ ప్లేటు కింద పెట్టింది. "మరి ఆ పిల్ల సంతకం ఎట్టను పొమ్మంటే, అన్న ఏటి సేసేవోడు?"

పరదేశికి వృత్తి గర్వం పొంగుకొచ్చింది. "ఏటి సేస్తాడు? గింగిరాలు తిరిగేవోడు! సెల్లి సంతకం లేకుండా ఎవుడు కొంటాడే? సగం దానిదే కదా. ఏ కోర్టుకెళ్ళినా దానిదే. ఎర్రి గుంట, సదవకుండా సంతకం ఎట్టీసింది. అడగాల! నోరు తెరిసి అడగాల!"

నాకు ఉప్మా గొంతుకి అడ్డం పడింది. చిన్నతల్లి మంచినీళ్ళ గ్లాసు అందించింది. పరదేశి అత్తరు రాసుకుని, చీర కవరు చెల్లెలి చేతిలో పెట్టి, "పదండి, రాహుకాలం వచ్చీస్తాది" అన్నాడు.

ఆఫీసులో మా వంతు తొందరగానే వచ్చింది. ఆఫీసరుగారు కాగితం చూసి, మామూలుగా అందరినీ అడిగినట్టే అడిగారు. "అప్పలనరసమ్మ మీరేనా అమ్మా? ఇందులో ఏం రాసుందో తెలుసా? ఇష్టపూర్వకంగానే రాసిస్తున్నారా?"

"నాకు సదివి ఇనిపించలేదు బాబూ" అంది నరసమ్మ.

పరదేశి నవ్వాడు. "అదే లెండి, ఇంట్లో అనుకున్నదే..."

"ఇనిపించన్నా" అంది చెల్లెలు.

చదివాడు. "సూరెడ్డి అప్పారావు గారి భార్య అప్పలనరసమ్మ అను నేను" అన్న దగ్గరే ఆమె ఆపింది. "నాన్న పేరు రాయలేదేటి?"

"పెళ్ళయిన ఆడదానికి మొగుడి పేరే రాస్తారే!"

"పొలం మొగుడిది కాదు కదా. నాన్నది." ఆమె ఆఫీసరు వైపు తిరిగింది. "బాబూ, పొద్దున్న మా అన్న ఒక కథ సెప్పేడు. ఎక్కడో మంచు దేశం గుంట. అన్న అడిగితే సదవకుండా సంతకం ఎట్టీసి బతుకంతా సేపలు కడిగిందట. అడిగుంటే సగం వచ్చేదని మా అన్నే సెప్పేడు. నోరు తెరిసి అడగాల అన్నాడు. నేను అడుగుతన్నాను. నాకూ సగం కావాల."

ఆఫీసరుగారు కాగితం మడిచి పక్కన పెట్టేశారు. లైన్లో ఉన్నవాళ్ళు మెడలు చాచారు. పరదేశి మొహం చూడాలి అప్పుడు! నమూనాలో లేని మాట విన్న లేఖరి మొహం ఎలా ఉంటుందో నేను కళ్ళారా చూశాను, ఆ సుఖం నా దగ్గర్నుంచి ఎవరూ లాక్కోలేరు.

బయటికొచ్చాక పరదేశి నోరు లేచింది. "ఒసే నరసా, ఇదేటే? కథకీ పొలానికీ ఏటే సంబంధం? ఈ పని సేసేవంటే నీకు పుట్టిల్లు లేదనుకో!"

ఆమె ఏడ్చింది. నడిరోడ్డు మీద, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఏడుస్తూనే అడిగింది: "ఈ సీర సెల్లికి పెట్టేవా అన్నా, సంతకానికి పెట్టేవా? సంతకానికైతే సెప్పు, ఇక్కడే ఇచ్చీస్తాను."

సత్తిబాబు వింటున్నాడు. టీకొట్టు వింటోంది. లేఖర్లందరూ వింటున్నారు. సంతకానికి అని ఎలా అంటాడు? "సెల్లికే" అన్నాడు, పళ్ళు కొరుక్కుంటూ.

"అయితే కట్టుకుంటాను" అని కవరు చంకలో పెట్టుకుని ఆటో ఎక్కింది.

సాయంత్రం పరదేశి మా ఇంటికొచ్చాడు. నవలని గుమ్మంలోంచే కుర్చీలోకి విసిరేశాడు. "మీరూ మీ పుస్తకాలూ! పచ్చని కొంపలో నిప్పెట్టీసేరు! అప్పసెల్లెళ్ళు లేని దేశం ఏదైనా ఉంటే దాని పుస్తకాలివ్వండి, లేకపోతే నాకొద్దు!" అన్నాడు.

"అలాంటి దేశం ఉంటే మొదటి విమానానికి మీ మగాళ్ళందరూ వెళ్ళిపోరూ? ఇక్కడెందుకుంటారు?" అన్నాను.

కోపం ఎన్నాళ్ళుంటుంది? లేఅవుటు పార్టీ ఆగదు. నెల తిరక్కుండా పంపకాల దస్తావేజు రాయక తప్పలేదు. అందులోనూ తన బుద్ధి పోనిచ్చుకోలేదు మహానుభావుడు. రోడ్డు వైపు ఎకరం తనకి, కాలవ వైపు పల్లం చెల్లెలికి అని హద్దులు వేశాడు. నరసమ్మ ఈసారి మొగుణ్ణి వెంటపెట్టుకొచ్చింది. "ఇద్దరికీ రోడ్డు తగిలేలాగ గీత గియ్యన్నా" అంది. గీశాడు. పరదేశి తన ఎకరం అమ్మేశాడు. ఆమె అమ్మలేదు, చెరుకు వేసింది. పండక్కి అన్న పిలవలేదు, ఆమె మాత్రం పొలానికి వారం వారం వస్తూనే ఉంది. ఆ పట్టుచీరతోనే ఓ రోజు గట్టు మీద నిలబడి కనిపించింది. పలకరిస్తే, "ఎవులూ పిలవక్కర్లేదు టీచరుగారూ, నా సేనుకి నేనొస్తన్నాను" అంది. అన్న మాట ఎత్తగానే మాత్రం కళ్ళు తిప్పేసుకుంది.

మళ్ళీ మూఢం వచ్చింది. ఓ పొద్దున్న పరదేశి ఫోను చేశాడు. గొంతులో తేనె కారుతోంది. "మేడంగారూ, ఓపాలి ఇంటికి రండి. ఆ రాగమ్మ పుస్తకం పట్టుకు రండి."

వెళ్ళాను. పుస్తకం పట్టుకునే వెళ్ళాను, ఆశ చావదు కదా. పరదేశి నన్ను కూర్చోబెట్టి ఉపన్యాసం మొదలెట్టాడు. ఆడపిల్లకి సమాన హక్కు ఉండాలట. అన్నదమ్ములు మారాలట. మన సమాజం ఐస్‌లాండుని చూసి నేర్చుకోవలసింది చాలా ఉందట.

"బాగుంది. నరసమ్మకి ఫోను చేశారా?" అన్నాను.

"దానికి సేస్తానండీ, అది తరవాత. ఇదిగో, మా ఆవిడ పుట్టిల్లు దేవరాపల్లి. ముగ్గురు బావమరుదులు. కాలవ కింద బంగారం లాంటి భూమి, మావగారిది. ఒక్క సెంటైనా ఆడపిల్లకి ఇచ్చేరా? ఇచ్చేరా అని అడుగుతన్నాను! రేపు ఆదివారం ఆళ్ళని బోజనానికి పిలిసేను. రాగమ్మ కథ సెప్తాను. నా కథ విన్నాక ఎవుడైనా కాదనగలడా? మీరే సూసేరు కదా!"

నాకు నవ్వాలో తన్నాలో తెలియలేదు. పుస్తకాలు మనిషిని మారుస్తాయని ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చెప్పాను. మార్చాయి, కాదనను.

చిన్నతల్లి కాఫీ తెచ్చింది. నాకొక గ్లాసు ఇచ్చింది, ఆయనకొకటి ఇచ్చింది, ఎన్నడూ లేనిది తను కూడా ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆళ్ళని పిలవొద్దు. నేనెప్పుడో రాసిచ్చీసేను కదా" అంది.

"ఏటి రాసిచ్చేవు?"

"రిలీజ్ డీడు. మా నాయిన పోయిన ఏడు. మా అన్నలొచ్చి అడిగితే మీరే రాసేరు. బావమరుదులని ఫీజు కూడా తీసుకోలేదు."

పరదేశి ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. అతను నిజంగానే మర్చిపోయాడు. ఆ నమూనాతో తీసిన కాగితాలు వందలు, అందులో ఇదొకటి.

"మరి నువ్వు నాతో ఎప్పుడూ అనలేదేటి?" అన్నాడు, తప్పు ఆవిడదే అన్నట్టు.

చిన్నతల్లి గొంతు పెంచలేదు. అంత సేపు ఆవిడ మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. "ఆ రోజు కొట్లో మీరు రాగమ్మ కోసం అంత ఏడుస్తన్నారు. కేరేజీ పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఇప్పుడు నాకేసి ఓపాలి సూస్తారు, ఇప్పుడు గుర్తొస్తాది అనుకుంటా నిలబడ్డాను. మీరు తల ఎత్తి తువ్వాలు అడిగేరు."